గ్రేడియస్: లైఫ్ పోయాక మొదలయ్యే ఆట

గ్రేడియస్ అనే పాత వీడియో గేమ్‌లో లైఫ్ పోతే దానితోపాటు అప్పటిదాకా సంపాదించిందంతా పోతుంది. స్పీడ్ పోతుంది, మిసైల్ పోతుంది, లేజర్ పోతుంది, వెనకాలే వస్తూ మనతోపాటు కాల్చే ఆప్షన్లు కూడా పోతాయి. ఆట మనల్ని కాస్త వెనక్కి తీసుకెళ్లి, మెల్లగా కదిలే ఖాళీ ఓడతో మళ్లీ ఆ శత్రువుల ముందే నిలబెడుతుంది. పూర్తి బలంతో ఉన్నప్పుడే దాటలేకపోయిన చోటును ఇప్పుడు ఏమీ లేకుండా దాటాలి. ఇంకా లైఫ్‌లు మిగిలున్నా ఇక్కడే చాలామంది ఆశ వదిలేస్తారు. నేను ఈ ఆటను చివరిదాకా తీసుకెళ్లగలిగింది ఆ ఖాళీ ఓడతో ఆడటం నేర్చుకున్నాకే. అది ఎలా నేర్చుకున్నానో చెప్తాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

ముందు ఆట గురించి కొంచెం. గ్రేడియస్‌ను కొనామి అనే కంపెనీ 1985లో జపాన్‌లోని ఆర్కేడ్‌ల కోసం, అంటే నాణెం వేసి ఆడే యంత్రాల షాపుల కోసం, తెచ్చింది. తయారుచేసిన బృందానికి పెద్ద హిరోయసు మాచిగుచి. కొనామిదే 1981 నాటి స్క్రాంబుల్ అనే ఆటకు కొనసాగింపుగా మొదలై, చివరికి పూర్తిగా వేరే ఆట అయింది. మన ఓడ పేరు విక్ వైపర్. ఓడ ఎడమవైపు ఉంటుంది, కుడివైపు నుంచి శత్రువులు వస్తుంటారు, తెర తనంతట తానే జరుగుతూ ఉంటుంది. మొత్తం ఏడు స్టేజీలు. జపాన్ బయట నెమెసిస్ పేరుతో విడుదలైంది. 2019లో కొనామి తన పాత ఆర్కేడ్ ఆటలు ఎనిమిదింటిని కలిపి ఒక సంకలనంగా తెచ్చింది, అందులో ఇదీ ఉంది, స్క్రాంబుల్ కూడా ఉంది. నేను ల్యాప్‌టాప్‌లో ఆడింది ఆ సంకలనంలోని ఆటే.

ఆర్కేడ్ యంత్రం గురించి ఒక సంగతి నాకు భలే ఇష్టం. మొదట్లో ఈ ఆటను బబుల్ మెమరీ అనే పద్ధతిలో నిలవ చేసేవారు. అది చల్లగా ఉంటే పనిచేయదు. స్విచ్ వేశాక ఒక వేడికి వచ్చేదాకా ఆగాలి. ఆ కాసేపూ తెర మీద అంకెలు తగ్గుతూ ఉంటే ఒక చక్కటి సంగీతం వినిపించేది. దాన్ని మార్నింగ్ మ్యూజిక్ అంటారు. పొద్దున్నే షాపు తెరిచి యంత్రాలు ఆన్ చేసే మనిషి రోజూ వినే పాటన్నమాట. ఆటలోని సంగీతం మికి హిగాషినో చేసినది. మొదటి స్టేజి పాట ఇప్పుడు కూడా నా నోట్లో ఆడుతూనే ఉంటుంది.

మన దగ్గర తొంభైల్లో పెరిగినవాళ్లకు గ్రేడియస్ పేరు తెలియకపోయినా దాని కోసం పుట్టిన ఒక విషయం మాత్రం బాగా తెలుసు. టీవీ గేమ్‌లో కాసెట్ పెట్టి కాంట్రా ఆడిన ప్రతివాడికీ ఆ వరుస నోటికి వచ్చు: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ. నొక్కితే ముప్ఫై లైఫ్‌లు. గంటకింత అని డబ్బులిచ్చి ఆడే షాపుల్లో ఈ వరుస తెలిసినవాడికి ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు. ఆ వరుస మొదట కనిపించింది కాంట్రాలో కాదు. 1986లో గ్రేడియస్‌ను ఇంట్లో ఆడుకునే ఫామికామ్ కోసం మార్చేటప్పుడు కజుహిస హాషిమోటో దాన్ని పెట్టారు. ఆటను పరీక్షించాలంటే చివరిదాకా ఆడాలి, ఆయనకే అది చాలా కష్టంగా ఉంది, అందుకని పవర్లన్నీ ఒకేసారి వచ్చే దారి ఒకటి పెట్టుకున్నారు. ఆయన 2020లో చనిపోయారు. ఆ వార్త చదివిన రాత్రే నేను ఈ ఆట మొదలుపెట్టాను. ఆర్కేడ్ ఆటలో ఆ వరుస పనిచేయదు. తయారుచేసినవాళ్లకే కష్టమైనదాన్ని ఏ సాయమూ లేకుండా ఆడాలన్నమాట.

గ్రేడియస్‌కు ప్రాణం తెర అడుగున ఉండే ఆరు గడుల పట్టీ. ఎర్రగా ఉండే శత్రువులను కొట్టినా, వరుసగా వచ్చే గుంపును ఒక్కటీ వదలకుండా కొట్టినా ఒక కాప్స్యూల్ వస్తుంది. ఒక్కో కాప్స్యూల్‌కూ వెలుగు ఒక్కో గడి ముందుకు జరుగుతుంది. మొదటిది స్పీడ్, రెండోది మిసైల్, మూడోది డబుల్, నాలుగోది లేజర్, ఐదోది ఆప్షన్, ఆరోది షీల్డ్. కావలసిన గడి వెలిగినప్పుడు బటన్ నొక్కితే అది మనదవుతుంది, వెలుగు మళ్లీ మొదటికి పోతుంది. అంటే ఒక్క ఆప్షన్‌కు ఐదు కాప్స్యూళ్లు ఖర్చు. మూడు ఉన్నప్పుడు డబుల్ తీసుకోవాలా, ఇంకో రెండు దొరికేదాకా ఆగాలా? ముందు వచ్చే గుంపు దాకా బతుకుతామా? ఆట నడుస్తున్నంతసేపూ ఈ లెక్క మనసులో తిరుగుతూనే ఉంటుంది. చాలా షూటింగ్ ఆటల్లో పవర్ దొరికితే తీసుకోవడమే పని. ఇక్కడ తీసుకోకుండా ఆగడం కూడా ఆటే.

మా అక్క కొడుకు సెలవులకు వచ్చినప్పుడు పక్కన కూర్చుని చూసేవాడు. ఫోన్‌లో ఆటలు ఆడే పిల్లాడు. నేను స్పీడ్ గడి వెలిగినా నొక్కకుండా వదిలేయడం వాడికి అర్థం కాలేదు.

"మామయ్యా, స్పీడ్ వచ్చింది కదా, తీసుకోవేం?"

"ఇప్పటికే రెండున్నాయిరా. మూడోది తీసుకుంటే సందుల్లో ఓడ ఆగదు, గోడకు కొట్టుకుంటుంది."

"మరి తీసుకుని మెల్లగా నడపొచ్చు కదా?"

"కుదరదు. ఒకసారి తీసుకుంటే చచ్చేదాకా అదే వేగం."

వాడు కాసేపు ఆలోచించి, "అయితే అది పవర్ కాదు మామయ్యా, ట్రాప్" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. కాకపోతే స్పీడ్ ఒక్కటైనా లేకపోతే ఈ ఆటలో బతకడం కష్టం. మొదటి కాప్స్యూల్ కళ్లు మూసుకుని స్పీడ్‌కే. మొదటి స్టేజికి ఒకటి చాలు, తర్వాత రెండోది. నేనైతే అక్కడితో ఆపేస్తాను.

ఆప్షన్ల సంగతి విడిగా చెప్పాలి. ఆప్షన్ అంటే వెలుగుతూ ఉండే ఒక చిన్న ముద్ద. దానికి బుల్లెట్ తగలదు, గోడ తగలదు. మనం ఏం కాలిస్తే అదీ అదే కాలుస్తుంది. ఇలాంటివి నాలుగు దాకా పెట్టుకోవచ్చు. అందం ఎక్కడుందంటే, ఆప్షన్లు మన ఓడ వెళ్లిన దారినే వెనకాల నడుస్తాయి, ఓడ ఆగితే అవీ ఆగిపోతాయి. కింద నుంచి నిలువుగా పైకి వెళ్లి ఆగితే నాలుగూ ఒక నిలువు వరుసలో నిలబడతాయి. అప్పుడు లేజర్ వేస్తే తెర సగం ఎత్తు మన చేతిలో ఉన్నట్టే. ముందుకు దూసుకెళ్లి ఆగితే అడ్డంగా పరుచుకుంటాయి. అప్పుడు బలమంతా ఒకే గీత మీద పడుతుంది. ఇది తెలిశాక నేను ఓడను నడిపే పద్ధతే మారిపోయింది. ఎక్కడికి వెళ్లాలి అనే ఆలోచనతోపాటు, ఏ దారిలో వెళ్తే ఆప్షన్లు ఎక్కడ ఆగుతాయి అనే ఆలోచన కూడా మొదలైంది. ముప్పు రాకముందే వాటిని పరిచిపెట్టుకోవాలి. పెట్టుకున్నాక అనవసరంగా కదలకూడదు, కదిలితే వరుస చెదిరిపోతుంది.

ఇంకో చిన్న విషయం. సాధారణ తూటాలు తెర మీద ఒకేసారి రెండే ఉంటాయి. అవి దేనికో తగిలేదాకా, లేదా తెర దాటేదాకా తర్వాతివి రావు. కాబట్టి దూరం నుంచి కొడితే కాల్పులు నెమ్మదిగా, దగ్గరికి వెళ్లి కొడితే గబగబా వస్తాయి. ఖాళీ ఓడతో ఉన్నప్పుడు ఇదే నన్ను కాపాడింది. భయంతో వెనక్కి పోవాలనిపిస్తుంది, కానీ ముందుకు వెళ్తేనే ఎక్కువ కాల్చగలం.

మొదటి స్టేజి చివర రెండు అగ్నిపర్వతాలు. తెర కదలడం ఆగిపోతుంది, రాళ్లు పైకి ఎగిరి వానలా పడతాయి. ఆ తర్వాత బిగ్ కోర్ అనే పెద్ద ఓడ వస్తుంది. పైకీ కిందికీ తిరుగుతూ ఒకేసారి నాలుగు లేజర్లు వేస్తుంది. దాని ముందు వరుసగా ఉన్న అడ్డులను ఒక్కొక్కటే పగలగొట్టుకుంటూ నడుమ గుండెలా ఉండే కోర్‌ను కొట్టాలి. దాదాపు ప్రతి స్టేజి చివరా ఇదే బాస్. దీని లయ ఒకసారి చేతికి వచ్చాక నాకు బాస్ అంటే విశ్రాంతిలా అనిపించేది. అసలు టెన్షన్ అంతా దారిలోనే.

రెండో స్టేజి రాతి గోడల మధ్య సందులు. మూడోది మోయై. ఈస్టర్ దీవిలో ఉండే రాతి తలల విగ్రహాలు నేల మీదా, తలకిందులుగా పైనా నిలబడి, నోరు తెరిచి ఉంగరాల్లాంటి బుల్లెట్లు ఊదుతాయి. నోరు తెరిచినప్పుడు నోట్లో కొడితేనే తల పగులుతుంది. ఆ ఉంగరాలను కూడా కాల్చేయొచ్చు. పూర్తి పవర్‌తో వెళ్తే ఈ స్టేజి కన్నుల పండుగ. కానీ మధ్యలో లైఫ్ పోతే? ఒక్క సన్నని తూటాతో, కదలని ఓడతో, నాలుగు దిక్కుల నుంచీ ఉంగరాలు. నా ఆట వారాల తరబడి ఇక్కడే ముగిసేది. ఒక లైఫ్ పోయిందంటే ఆ వెనకే మిగతావన్నీ వరుసగా పోయేవి.

అప్పుడే సేవ్ సౌకర్యాన్ని వేరే రకంగా వాడటం మొదలుపెట్టాను. ఈ సంకలనంలో ఆటను ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. చావబోయే ముందు సేవ్ చేసి, చస్తే మళ్లీ అక్కడి నుంచి ఆడుతూ పోతే చివరిదాకా చేరొచ్చు, కానీ ఆట రాదు. నేను మోయై స్టేజిలో కావాలని ఓడను పేల్చుకున్నాను. చెక్‌పాయింట్ దగ్గర, అంటే లైఫ్ పోయాక ఆట మళ్లీ మొదలయ్యే చోట, ఖాళీ ఓడతో నిలబడ్డ క్షణాన్ని సేవ్ చేశాను. ఇక రోజూ పని అయ్యాక కాసేపు అక్కడి నుంచే ఆడేవాణ్ని. పూర్తి ఆట ముట్టుకోలేదు. ఆ కొద్ది సెకన్లే, మళ్లీ మళ్లీ.

అలా ఆడుతుంటే ఆ చోటు నెమ్మదిగా విప్పుకోవడం మొదలైంది. గ్రేడియస్‌లో శత్రువులు దాదాపు ప్రతిసారీ అవే చోట్ల, అదే వరుసలో వస్తాయి. మొదటి కాప్స్యూల్ ఏ గుంపు ఇస్తుందో తెలిస్తే, అది తెర మీదికి రాకముందే ఓడను ఆ ఎత్తులో ఉంచొచ్చు. మెల్లగా కదిలే ఓడకు తొందరగా వెళ్లే శక్తి లేదు, ముందుగా బయల్దేరే అవకాశం మాత్రం ఉంది. ఆ కాప్స్యూల్ స్పీడ్‌కు. ఆ తర్వాతే నాకు అసలు తర్జనభర్జన. రెండు దొరికితే మిసైల్ వస్తుంది. అది కిందికి జారి నేల వెంబడి పాకుతూ కింద ఉన్నవాటిని చూసుకుంటుంది. మూడు దొరికితే డబుల్. మామూలుగా డబుల్ అంటే చాలామందికి చిన్నచూపు, ఎందుకంటే అది తీసుకుంటే లేజర్ ఉండదు, లేజర్ తీసుకుంటే ఇది పోతుంది. కానీ డబుల్ ఒక తూటాను ఏటవాలుగా పైకి వేస్తుంది. పై నుంచి వేలాడే మోయైలకు అది సరిగ్గా సరిపోయింది. చివరికి స్పీడ్, డబుల్, వీలైతే మిసైల్ అనే వరుస నాకు కుదిరింది. లేజర్, ఆప్షన్ల గురించి మోయైలు దాటి, తర్వాతి స్టేజికి ముందు వచ్చే ఖాళీ ఆకాశంలో ఆలోచించుకోవచ్చు. ప్రతి స్టేజికీ ముందు కాసేపు గోడలు లేని ఆకాశం ఉంటుంది. గుంపులు వరుసగా వస్తాయి, కాప్స్యూళ్లు దండిగా దొరుకుతాయి. అక్కడిదాకా ప్రాణంతో చేరితే చాలు, ఓడ మళ్లీ నిండుతుంది.

ఇంకొకటి కూడా అర్థమైంది. ఈ ఆట మన బలాన్ని గమనిస్తూ ఉంటుంది. పవర్లు పెరిగేకొద్దీ, చావకుండా ఎక్కువసేపు ఉండేకొద్దీ శత్రువుల కాల్పులు ఎక్కువవుతాయి. ఆడేవాళ్లు దీన్ని ర్యాంక్ అంటారు. లైఫ్ పోతే ఆ ర్యాంక్ కూడా దిగుతుంది. పూర్తి పవర్‌తో వచ్చినప్పుడు తెర నిండా బుల్లెట్లు కనిపించిన చోటే, ఖాళీ ఓడతో వస్తే కాస్త పలచగా ఉంటాయి. పైనుంచి చూస్తే ఈ చెక్‌పాయింట్ పద్ధతి కర్కశంగా కనిపిస్తుంది. సాధన చేశాక నాకు అలా అనిపించలేదు. ఆట ఒక చిన్న సందు వదిలిపెట్టింది, దాన్ని వెతుక్కోమంటోంది. ఆ సందు దొరికిన రోజున కలిగిన ఆనందం పూర్తి పవర్‌తో బాస్‌ను కొట్టినప్పుడు ఎన్నడూ కలగలేదు. వేళ్లు వణికాయి, గట్టిగా అరిచాను, మా ఆవిడ వంటింట్లోంచి ఏమైందని పరుగెత్తుకొచ్చింది.

అప్పటి నుంచి ప్రతి స్టేజికీ ఇదే పద్ధతి. ముందు ఆ స్టేజిలో చెక్‌పాయింట్లు ఎక్కడున్నాయో చూసుకోవడం, ఒక్కో దాని దగ్గర ఖాళీ ఓడతో సాధన చేయడం, ఆ తర్వాతే పూర్తి ఆటలో ప్రయత్నించడం. నాలుగో స్టేజిలో అగ్నిపర్వతాలు తలకిందులుగా వస్తాయి, మొదటి స్టేజి బాగా వచ్చినవాళ్లకు ఇది త్వరగానే లొంగుతుంది. ఐదోదాంట్లో నడుమ ఒక కోర్, దాని చుట్టూ చాచుకునే చేతులు ఉన్న జీవులు. చేతులతో పని లేదు, నడుమను కొట్టాలి. చేతులు మన వెంటే తిరుగుతాయి కాబట్టి వాటిని ఒకవైపుకు రప్పించి రెండోవైపు నుంచి లోపలికి వెళ్లాలి.

ఆరో స్టేజి నాకు అన్నిటికన్నా కష్టమైంది. కణాలు, అమీబాల్లాంటివి మెత్తగా తేలుతూ దారి మూసేస్తాయి. లేజర్, ఆప్షన్లు ఉంటే చీల్చుకుంటూ పోవచ్చు. ఖాళీ ఓడతో నాకు సందు దొరకడానికి చాలా కాలం పట్టింది. ఇక్కడ నాకు అక్కరకొచ్చింది షీల్డ్. దానికి ఆరు కాప్స్యూళ్లు కావాలి, పైగా అది ముందువైపే కాపాడుతుంది. అందుకని దాన్ని విలాసంగా చూసేవాణ్ని. కానీ ఈ స్టేజిలోకి షీల్డ్‌తో అడుగుపెడితే ఎదురుగా వచ్చే దెబ్బలు కొన్ని అదే తింటుంది, మనం చావకుండా ఉంటాం. అసలు చావకపోతే తిరిగి లేవాల్సిన అవసరమే రాదు కదా.

ఆడే సామగ్రి గురించి కూడా రెండు మాటలు. మొదట్లో ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపి ఆడాను. ఎందుకో ప్రతి సందులోనూ ఒక రవ్వ ఆలస్యంగా తిరుగుతున్నట్టు ఉండేది. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టాక ఆ తేడా పోయింది. టీవీలు బొమ్మను మెరుగుపరచడానికి తీసుకునే కొద్దిపాటి సమయం సినిమాకు తెలియదు, గ్రేడియస్‌లో మాత్రం ప్రాణం తీస్తుంది. కంట్రోలర్‌లో కూడా పుల్లలా తిరిగే స్టిక్ కన్నా ప్లస్ గుర్తులాంటి బటన్లే నాకు నయం. ఓడను నిలువుగా కదిపి టక్కున ఆపి ఆప్షన్లను నిలబెట్టాలంటే అవే కావాలి.

గెలిచిన ఆటలో నాలుగో స్టేజి దాకా ఒక్క లైఫ్ కూడా పోలేదు. ఐదోదాంట్లో ఒకటి పోయింది, సాధన చేసిన చోటే కాబట్టి లేచాను. ఆరోదాంట్లో మళ్లీ పోయింది. అక్కడ చేతులు తమంతట తాము నడిచాయి. మొదటి కాప్స్యూల్, స్పీడ్. రెండో గుంపు కోసం ఓడ అప్పటికే పైకి వెళ్తోంది. ఆలోచించి చేసింది ఏదీ లేదు, సేవ్ పెట్టుకుని పడ్డ కష్టమంతా అక్కడ తిరిగి వచ్చింది. ఏడో స్టేజి శత్రువుల కోట. ఇరుకు దారులు, అన్ని వైపులా ఫిరంగులు. చివర బిగ్ కోర్ ఉండదు. గొట్టాలతో కట్టిపడేసినట్టున్న ఒక పెద్ద మెదడు ఉంటుంది. అది కాల్చదు, కదలదు. గొట్టాలు తెంచితే కథ అయిపోతుంది. అంత దారి పడి వచ్చాక ఎదురుతిరగని శత్రువును పెట్టడం నాకు చాలా నచ్చింది. ఆ ఆటలో కష్టం ఏదైనా ఉంటే అది దారిలోనే అయిపోయిందని ఒప్పుకున్నట్టుంది.

ఆర్కేడ్ ఆట కాబట్టి అక్కడితో ఆగదు. మెదడు పేలగానే పవర్లు అలాగే ఉండి మొదటి స్టేజి మళ్లీ మొదలవుతుంది, శత్రువులు ఈసారి మరింత దూకుడుగా కాలుస్తాయి. ఇప్పుడు నేను ఆ రెండో చుట్టులో ఉన్నాను. మోయైల దగ్గర చెక్‌పాయింట్ అదే, కాప్స్యూల్ ఇచ్చే గుంపు అదే, కానీ ఉంగరాలు ఎక్కువగా, వేగంగా వస్తున్నాయి, డబుల్ దాకా ఆగే వ్యవధి లేదు. స్పీడ్ తర్వాత వెంటనే మిసైల్ తీసుకుని కింది వరుసను ముందు ఖాళీ చేసి, నేలకు దగ్గరగా పోవడం కుదురుతుందేమో చూస్తున్నాను. కొత్త సేవ్ పెట్టుకున్నాను.